ఖరగ్‌పూర్ రాముడి కూతురు

సాలూరు,
23 జూన్ 1968

పూజ్యులైన నాన్నగారికి లీలారాణి వందనాలు.

నేను ఇక్కడికి చేరి మూడు వారాలైంది. చేరానన్న మాట నిజం. క్షేమమా కాదా అన్నది ఈ ఉత్తరం చదివి మీరే తేల్చండి.

"మన రాష్ట్రం, మన భాష, మన మనుషులు" అని మీరు రెండేళ్ళు నా చెవిలో పోరుపెట్టి ఈ టెలిఫోను ఆపరేటరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టించారు. రాష్ట్రం సంగతి తర్వాత, భాష సంగతి వినండి. మా సూపర్‌వైజరుగారిది గుంటూరు వైపు. నేను ఫోనులో "ఏటండీ?" అంటే ఆయన నెత్తి కొట్టుకుంటారు. "ఏమండీ అనాలమ్మా, ఇది గవర్నమెంటు ఆఫీసు" అంటారు. పోనీ ఊరివాళ్ళకైనా నా తెలుగు నచ్చిందా అంటే, మా ఎక్స్చేంజి ఊడ్చే మరిడమ్మ నా మాట విని చీపురు కింద పెట్టి మరీ నవ్వింది. "నీ మాట మా అత్త మాటలాగున్నాదమ్మా. ఆవిడ సచ్చిపోయి పదేళ్ళయిపోనాది" అంది. మీరు నలభై ఏళ్ళ క్రితం పెట్టెలో పెట్టుకుని పట్టుకెళ్ళిన తెలుగు నాకు నేర్పారు. ఇక్కడివాళ్ళు దాన్ని ఎప్పుడో వదిలేశారు.

ఎక్స్చేంజి అంటే ఒక గది, ఒక బోర్డు, ఒక ఫ్యాను. ఊళ్ళో మనుషులకంటే లారీలు ఎక్కువ. లారీల వాళ్ళందరికీ పొద్దున్న ఎనిమిది గంటలకే కొండల అవతల ఒరిస్సాలోని జైపూరుకీ, రాయపూరుకీ ట్రంకు కాల్సు కావాలి. వీళ్ళలో జగన్నాధం అని ఒకాయన ఉన్నాడు. నాలుగు లారీల యజమాని. ఆయనకి ఫోనెందుకో నాకు తెలీదు, వీధిలో నిలబడి అరిస్తే జైపూరుకి వినిపిస్తుంది.

"ఏటి పిల్లా, నిద్రోతన్నావేటి? జైపూరు అడిగి గంటయిపోనాది!"

"లైను ఖాళీ లేదండీ."

"లైన్లో ఎవుడున్నాడు? జగన్నాధం మాటాడాలంతన్నాడని ఆడికి సెప్పు!"

రోజూ ఇదే. ఇల్లు ఇంకా దొరకలేదు. పాస్టరుగారి వసారాలో తడిక కట్టుకుని ఉంటున్నాను. తడికకి అవతల ఆయన ఆరుగురు పిల్లలు. అమ్మకి చెప్పండి, ఆవకాయ సీసా పగిలింది. పిల్లలు పగలగొట్టలేదు, నేనే.

మీ కూతురు
లీల

ఖరగ్‌పూర్,
5 జూలై 1968

చిరంజీవి లీలకి నాన్న దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ అమ్మ ఏడ్చింది, నేను నవ్వాను. ఇద్దరం అన్నం మాత్రం మానలేదు.

ఇంత చిన్న విషయాలకి ఇంత పెద్ద ఉత్తరమా? నేను పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ ఊళ్ళో దిగితే నాకు బెంగాలీలో నీళ్ళనడగడం కూడా రాదు. రెండు రోజులు సైగలతో బతికాను. నీకు తెలుగొచ్చు, హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు, ఒరియా సగం వచ్చు. నాలుగు భాషలొచ్చినదానివి ఒక్క జగన్నాధానికి జవాబు చెప్పలేవా? వసారాలో ఉంటే ఏమైంది, గాలి వస్తుంది. వేడినీళ్ళు తాగు. చెప్పులు లేకుండా తిరగకు.

అసలు సంగతికి వస్తాను. డిసెంబరు ముప్పై ఒకటితో నా సర్వీసు అయిపోతుంది. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నలభై ఏళ్ళ నుంచి చెప్తున్నట్టే నేను నా ఊరికి వచ్చేస్తాను. నీకు సెలవు దొరికినప్పుడు నౌపడ వెళ్ళి, స్టేషనుకి దగ్గర్లో రెండు గదుల ఇల్లు అద్దెకి ఉందేమో కనుక్కో. నా పేరూ అదీ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇల్లు కావాలని అడుగు, చాలు.

అక్కడ ఉప్పు మళ్ళ మీదుగా వచ్చే గాలి ఒక్కసారి పీలిస్తే నువ్వే చెప్తావు, నాన్న ఎందుకింతగా కొట్టుకున్నాడో. "నాకిక్కడే బాగుంది" అని మీ అమ్మ పక్కనుంచి అంటోంది. ఆ మాట రాయొద్దని కూడా అంటోంది, అందుకని రాశాను.

నాన్న
కృపారావు

సాలూరు,
12 ఆగస్టు 1968

నాన్నగారికి వందనాలు.

మీ నౌపడ వెళ్ళొచ్చాను. బొబ్బిలిలో ఒక బండి, విజయనగరంలో ఒక బండి మారి, మిట్టమధ్యాహ్నానికి దిగాను. గాలి పీల్చాను. నోట్లో ఉప్పు తప్ప ఏమీ తగల్లేదు. తెల్లటి ఉప్పు కుప్పల మీద ఎండ పడితే కళ్ళు తెరవలేకపోయాను.

ఇల్లు అడిగాను. "ఎవురమ్మా నువ్వు, ఎవుల తాలూకా?" అన్నారు. మీరు పేరు చెప్పొద్దన్నారు. ఎందుకు చెప్పకూడదో చెప్పలేదు. ఒంటరిగా ఒక ఆడపిల్ల ఇల్లు కావాలంటే, ఎవరి తాలూకో చెప్పకుండా ఈ దేశంలో మంచినీళ్ళు కూడా పుట్టవని సాలూరులో పదకొండు గుమ్మాలెక్కి దిగాక నాకు తెలిసింది. అందుకని చెప్పేశాను. "ఈ ఊరివాళ్ళమేనండీ. ఖరగ్‌పూర్ కృపారావుగారి అమ్మాయిని" అన్నాను. చూడండి, మీ నోట విన్న మాటలు నమ్మి, నా మొహం చూడగానే పదిమంది చుట్టూ చేరతారనుకున్నాను.

ఒక్కరికీ తెలీదు. ఇంటిపేరు చెప్పాను. ఆ వీధిలో సగం మందిది అదే ఇంటిపేరు. ఒక ముసలాయన అరుగు మీద నుంచి దిగి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "కృపారావా? అది సర్చీ వోల పేరు గదా. మా ఈదిలో ఆ పేరుగలోడు పుట్టనేదు, సావనేదు" అన్నాడు. ఇంకొకావిడ నన్ను టీకాలు వెయ్యడానికి వచ్చిన మనిషిననుకుని పిల్లల్ని లోపలికి లాక్కుంది.

మూడు గంటలు స్టేషనులో కూర్చుని బండెక్కాను. నాన్నగారూ, నన్ను సూటిగా అడగనివ్వండి. మీది నిజంగా నౌపడేనా? లేక రైల్లో వస్తూ బోర్డు మీద పేరు చూసి బాగుందని తీసుకున్నారా?

లీల

ఖరగ్‌పూర్,
24 ఆగస్టు 1968

లీలకి,

పేరు చెప్పొద్దని ఎంత స్పష్టంగా రాశాను! చిన్నప్పుడూ అంతే, ముట్టుకోవద్దన్నదే ముట్టుకునేదానివి.

సరే. నేను అక్కడ కృపారావుని కాను. ఆ పేరు ఇక్కడి చర్చిలో బాప్తిస్మం ఇచ్చిన రోజున పెట్టారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. అంతకుముందు నేను రాముణ్ణి. మీ అమ్మకి తెలుసు. నీకు చెప్పే అవసరం రాలేదు.

నాకొక అన్న ఉన్నాడు, నరసింగరావు. ఉప్పు మళ్ళకి పోయే దారిలో చివరి పెంకుటిల్లు. ఉన్నాడో లేడో కూడా తెలీదు. వెళ్ళి ఒకసారి చూసిరా. నువ్వెవరివో చెప్పకు. ఆయన బాగున్నాడో లేదో చూసి వచ్చెయ్. ఆయన్ని ఏమీ అడగకు. నన్ను కూడా అడగకు.

నాన్న

సాలూరు,
19 సెప్టెంబరు 1968

నాన్నగారికి,

మీరు అడగొద్దన్నారు కాబట్టి అడగడం లేదు. నాకు ఇరవై రెండేళ్ళు. నా తండ్రి పేరేమిటో నాకు ఉత్తరంలో తెలిసింది. ఇంతకంటే ఏమీ రాయను. నౌపడ కూడా వెళ్ళను, ఇప్పట్లో.

ఇక్కడి విషయాలు రాస్తాను. నాలుగు రోజులు వర్షం పడి కొరాపుట్ వెళ్ళే ఘాటీ రోడ్డు తెగిపోయింది. జగన్నాధం లారీ ఒకటి పైనే ఎక్కడో ఉండిపోయింది. దాని డ్రైవరు సోములు ఆయన బావమరిదే. ఫోను తీస్తే ఆయన గొంతే. మొదటి రోజు అరిచాడు. రెండో రోజు అరవలేదు. "సూడమ్మా, కాస్త సూడు" అన్నాడు. ఆ మాటకి నాకు భయం వేసింది.

జైపూరు లైను పోయింది. నేను విజయనగరం వాళ్ళని బతిమాలి, చుట్టు తిప్పి కొరాపుట్ ఎక్స్చేంజి పట్టుకున్నాను. అక్కడి ఆపరేటరు ఒరియా ఆయన. నా సగం ఒరియాకి బెంగాలీ కలిపి మాట్లాడితే మొదట నవ్వాడు, తర్వాత పాపం నిజంగానే సాయం చేశాడు. డ్యూటీ దిగి కూడా నేను సీటు వదల్లేదు. మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకి ఆయనే పిలిచి చెప్పాడు. లారీ వాగులో ఒరిగిపోయింది. సోములు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదు.

నేను జగన్నాధానికి చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, "లోడేటయినాది?" అన్నాడు. నాన్నగారూ, నాకు ఫోను తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

సాయంత్రం ఆయన భార్య జగ్గమ్మ ఎక్స్చేంజికి వచ్చింది. సోములు ఆవిడ సొంత తమ్ముడు. గుమ్మంలో నిలబడి, "మా మనిసి రోజూ తిట్టే పిల్లవి నువ్వేనా? ఇంత సన్నంగున్నావేటి! ఎక్కడుంతన్నావు?" అంది. చెప్పాను. మర్నాడే వాళ్ళ పెరట్లో రెండు గదులు ఖాళీ చేయించింది. దానికి ఆవిడ పెట్టిన షరతులు వినండి. నూతి దగ్గర నేను తోడుకోవచ్చు. దేవుడి గదిలోకి రాకూడదు. నా దేవుడికి నేను ఎంతసేపైనా దణ్ణం పెట్టుకోవచ్చు. రోజూ ఆవిడ ఇచ్చే గెంజి తాగాలి, వద్దంటే ఊరుకోదు. జగన్నాధం ఇప్పుడు ఫోనులోనే కాదు, పెరటి గోడ మీద నుంచి కూడా "జైపూరు ఏటయినాది?" అని అరుస్తున్నాడు.

తడిక లేని గదిలో పడుకుని మొన్న పదిగంటలు నిద్రపోయాను.

లీల

సాలూరు,
21 అక్టోబరు 1968

నాన్నగారికి,

వెళ్ళనన్నాను కాని వెళ్ళాను. ఆయన ఉన్నారు.

మనిషి పొడుగు, మీకంటే నలుపు. అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నారు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చానన్నాను, రాముడనే ఆయన గురించి ఒకరు కనుక్కోమన్నారని చెప్పాను. ఆయన చేతిలో దారం ఆగిపోయింది. లోపల నుంచి తొంగి చూస్తున్న పెద్దమ్మని "నువ్వు లోనికి పో" అన్నారు. ఆవిడ వెళ్ళాక చెప్పారు.

"రాముడు సచ్చిపోయి ముప్పయ్యేళ్ళు దాటిపోనాదమ్మా. కలరా వచ్చినాది. ఊరందరికీ నేనే సెప్పినాను. మా అమ్మకి కూడా నేనే సెప్పినాను. గుండు సేయించుకున్నాను. పదో రోజున సముద్రం కాడికెళ్ళి నువ్వులూ నీళ్ళూ వొదిలినాను. ఇంకేటి కావాలి నీకు?"

లేచి నిలబడ్డాను. ఆయన 'మా అమ్మ' అన్నది మా నాన్నమ్మని కదా, ఆవిడ ఉన్నారా అని అడిగాను. తాతమ్మ అని ఆవిడ పేరట. నా చిన్నప్పుడు కూడా మీరు నాకు చెప్పలేదు. పోయి పాతికేళ్ళయిందట.

తిరిగి వస్తుంటే వెనకాల చెప్పుల చప్పుడు. ఆయనే. స్టేషను దాకా నాతో నడిచారు. బండి వచ్చింది. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. అప్పుడు కిటికీ ఊచ పట్టుకుని, మొహం ఇంజను వైపు తిప్పుకుని అడిగారు.

"ఆడు అన్నం బాగా తింతన్నాడా? సిన్నప్పుడు దగ్గొచ్చీది. ఆ దగ్గు తగ్గినాదా?"

బండి కదిలిపోయింది. నేను తలూపాను, అంతే.

నాన్నగారూ, తమ్ముడు మతం మారాడని బతికున్నవాణ్ణి చంపేసిన మనిషిని నేను తిట్టుకోవాలి. ఆయన అంత ప్రేమగా అడిగితే తిట్టుకోవడం కుదరడం లేదు. దీనికేం చెప్తారు? నేనిప్పుడు పోయినవాడి కూతుర్ని. ఈ జిల్లాలో ఇల్లు దొరకడం కష్టమని చెప్పాను కదా, ఇప్పుడు మీరు చెప్పండి, పోయినవాళ్ళకి ఇల్లు అద్దెకెవరిస్తారు?

లీల

సాలూరు,
18 నవంబరు 1968

నాన్నగారికి,

నెలైంది. రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. నేను రోజుకి వందమందికి లైను కలుపుతాను, నా ఇంటి నుంచి నాకు ఒక్క మాట రాదు. జగన్నాధం గారు రోజూ నన్నడిగే మాటే నేను మిమ్మల్ని అడుగుతున్నాను. నిద్రపోతున్నారా? ఒంట్లో బాగులేకపోతే అమ్మ చేత రాయించండి. కోపమైతే కోపమని రాయండి.

లీల

ఖరగ్‌పూర్,
27 నవంబరు 1968

లీలకి,

ఒంట్లో బాగానే ఉంది. కోపం లేదు. ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇంట్లో కాగితాలు అయిపోతున్నాయని మీ అమ్మ గొడవ. అందుకని ఇది చింపను.

మీ పెదనాన్న నీతో చెప్పింది సగమే. నేను చచ్చిపోయానని ఊరికి చెప్పింది ఆయనే. చెప్పమన్నది నేను.

1936లో బాప్తిస్మం తీసుకున్న నెలకి అన్నయ్యకి ఉత్తరం రాశాను. అప్పటికి మా చెల్లెళ్ళిద్దరికీ పెళ్ళి కాలేదు. మా వీధిలో ఒకడు బర్మా వెళ్ళి మతం మారితే వాళ్ళమ్మని నూతి దగ్గరికి రానివ్వలేదు. మా అమ్మకి ఆ గతి పట్టడం నాకిష్టం లేదు. నమ్ముకున్న దేవుణ్ణి వదలడమూ ఇష్టం లేదు. "కలరా వచ్చి పోయానని చెప్పు. రెండేళ్ళు ఏడుస్తారు, తర్వాత మర్చిపోతారు" అని రాశాను. నాలుగు వరుసలు. రాసినప్పుడు చాలా తెలివైన పని చేశాననుకున్నాను. ఆయన దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. "నువ్వు సెప్పినట్టే సేసినాను. ఇంక రాయకు" అని. అంతే.

అప్పటి నుంచి మన వైపు వాళ్ళెవరైనా ఇక్కడ ఎదురైతే నాది సోంపేట అని చెప్పేవాణ్ణి. అమ్మ పోయిన సంగతి నీ ఉత్తరం వల్లే తెలిసింది. ఆయన గుండు చేయించుకున్నాడని, నీళ్ళు వదిలాడని కూడా. నేను రాసిన నాలుగు వరుసలకి ఆయన అంత పని చెయ్యాల్సి వస్తుందని ఆ రోజు నాకు తోచలేదు. ఊరంతా చూస్తుండగా, నేను బతికున్నానని తెలిసి, ఒడ్డున నిలబడి నా పేరు పలికి నీళ్ళు వదిలాడు. ఇప్పుడు కూడా నువ్వు వెళ్తే నన్ను బయటపెట్టలేదు. తప్పు తన మీద వేసుకున్నాడు.

నౌపడ వెళ్తాను, నౌపడ వెళ్తాను అని నలభై ఏళ్ళు ఎందుకన్నానో నాకే తెలీదు. అంటూ ఉంటే వెళ్ళక్కర్లేదనేమో. నిన్ను పంపించాను. అది ఇంకా పిరికితనం. నౌపడలో ఇల్లు చూడకు. ఇక్కడే ఎక్కడో గది చూసుకుంటాం.

దగ్గు తగ్గలేదు.

నాన్న

సాలూరు,
15 డిసెంబరు 1968

నాన్నగారికి,

మీ ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. మీకు ముప్పై రెండేళ్ళు దొరికాయి. ఒక్క కార్డు ముక్క చాలదా? సాలూరు లారీలవాళ్ళు నిమిషానికోసారి "ఏటయినాది" అని అడిగితే నాకు విసుగొచ్చేది. ఇప్పుడు వాళ్ళే నయమనిపిస్తోంది. తెలియనిది అడుగుతారు, తెలిసేదాకా ఊరుకోరు.

మీ ఉత్తరం పట్టుకెళ్ళి పెదనాన్న చేతిలో పెట్టాను. మీరు ఆయన్ని ఏమీ అడగొద్దన్నారు, ఇవ్వొద్దని అనలేదు. నేనెవరినో కూడా చెప్పాను. "తెలుసు. నువ్వు నవ్వితే మా అమ్మే" అన్నారు. నేను ఆయన దగ్గర నవ్వినట్టు నాకు గుర్తులేదు.

ఆయన ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు. తర్వాత మజ్జిగ ఆలస్యమైందని పెద్దమ్మ మీద గట్టిగా అరిచారు. ఆవిడ అప్పటికే గ్లాసు తెచ్చి పక్కన పెట్టి ఉంది. మిమ్మల్ని నా దగ్గరికి తెచ్చుకుంటానని, బండి నౌపడ మీదుగానే వస్తుందని చెప్పాను. ఊళ్ళోవాళ్ళకి ఏం చెప్తారు పెదనాన్నా అని అడిగాను.

"అది నేను సూసుకుంతాను. సచ్చిపోనాడని సెప్పిన నోరే బతికొచ్చినాడని సెప్తాది. అమ్మా నేదు, సెల్లెళ్ళకి మనవలొచ్చీసినారు. ఇంకెవులికి భయం?" అన్నారు. మజ్జిగ తాగి, "ఆడికి దిగడం ఇష్టం నేకపోతే దిగొద్దని రాయి. బండి ఆగినప్పుడు తలుపు కాడ నిలబడమను. ఒక్కపాలి సూస్తాను, సాలు" అన్నారు.

ఇప్పుడు నా మాట వినండి. ఖరగ్‌పూర్‌లో గది చూడొద్దు. నౌపడలోనూ వద్దు. నాకిక్కడ రెండు గదులున్నాయి. మీరూ అమ్మా సాలూరు రండి. మీ రాష్ట్రమని, మీ మనుషులని చెప్పి నన్ను పంపించారు. ఇక్కడ మిమ్మల్ని ఎవరూ ఎరగరు. నన్నెరుగుదురు. నేను రోడ్డు మీద నడిస్తే లారీల వాళ్ళు కిందకి దిగి "లైను బాగున్నాదా అమ్మా" అని అడుగుతారు. కాబట్టి ఇది నా ఊరు, మీరు కొత్తగా వచ్చేవాళ్ళు. నేర్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. జగ్గమ్మగారు ఇచ్చే గెంజి వద్దనకూడదు. కీర్తనలు పాడుకోవచ్చునట, ఆవిడ కాఫీ అయ్యేదాకా ఆగాలట. జగన్నాధం గారు గోడ మీద నుంచి అరిస్తే కంగారుపడకూడదు, అది ఆయన మామూలు గొంతు.

నౌపడలో ఆగే బండి ఏదో కనుక్కుని దానికే ఎక్కండి. ఏ రోజు ఎక్కుతారో నాకు తంతి కొట్టండి, పెదనాన్నకి నేను చెప్తాను. నేను విజయనగరం స్టేషనులో ఉంటాను. దిగుతారో, తలుపు దగ్గర నిలబడతారో, అది మీ ఇష్టం. ఇంక నేను మధ్యవర్తిత్వం చెయ్యను.

లీల

నౌపడ,
6 ఫిబ్రవరి 1969

చిరంజీవి లీలకి,

జరిగిందంతా ఈపాటికి మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. ఆవిడ చెప్పినదాంట్లో నన్ను తిట్టినవి తీసేస్తే మిగిలింది నిజమే.

నేను దిగకూడదనే అనుకున్నాను. ఆయన చెప్పినట్టే తలుపు దగ్గర నిలబడ్డాను. ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్ళు ముగ్గురు నలుగురున్నారు, ఎవరో పోల్చుకోలేకపోయాను. ఆయనే ముందు చూశాడు. నమస్కారం పెట్టడం, బాగున్నావా అనడం ఏమీ లేదు. స్టేషనంతా వినేలాగ, "ఒరే రాముడూ! సూస్తావేట్రా, దిగు! బండి కదిలిపోతాది!" అని అరిచాడు. నా ఎనిమిదేళ్ళప్పుడు ఎలా అరిచేవాడో అలాగే. కాళ్ళు వాటంతటవే దిగిపోయాయి.

బండి కదిలింది. సామాను అందులోనే ఉంది. మీ అమ్మా అందులోనే ఉంది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఏదో అంటోంది, దీవెన మాత్రం కాదు. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఉండడం వల్ల తిరిగి ఊపలేకపోయాను.

నువ్వు స్టేషనులో ఉంటానన్నావు కదా అన్న ధైర్యంతోనే ఇదంతా. మీ అమ్మకి కోపం తగ్గేదాకా నన్ను గురించి మంచిమాట ఏదైనా చెబుతూ ఉండు. వచ్చే గురువారం బస్సుకి బయల్దేరి వస్తాను. ఊళ్ళోవాళ్ళు నిన్నటి నుంచి ఒకరి తర్వాత ఒకరు నన్ను చూడడానికి వస్తున్నారు. కొందరు ముట్టుకుని చూస్తున్నారు. ఇద్దరు మాత్రం గుమ్మం బయటే నిలబడి చూసి వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళాక అన్నయ్య కంచాలు పెట్టించి, నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

అన్నయ్య కూడా వస్తానంటున్నాడు. రెండు గదులు సరిపోతాయా అని అడగమన్నాడు. సరిపోతాయని నేనే చెప్పేశాను.

నాన్న